ఇంటిపేరు మీద రాస్తున్న అమ్మాయికి

అమ్మాయీ,

నీ వ్యాసం అందింది, రెండుసార్లు చదివాను. మొదటి పేజీలోనే రాజుగారు గుర్రం దిగి మీ పూర్వీకుడికి అగ్రహారం రాసిచ్చేశాడు! ఇంటిపేర్ల మీద రాయబోయే ప్రతివాళ్ళకీ ముందుగా ఈ రాజే ఎదురొస్తాడు. ఆయన్ని కాసేపు అరుగుమీద కూర్చోబెట్టి, వ్యాకరణాన్ని లోపలికి పిలువు.

మీది తుమ్మలపాటి. 'పాటి' అంటే విలువ అనుకుని, తుమ్మచేవంత గట్టి వంశం అని తేల్చావు. వాక్యం బాగుంది, అర్థమే కుదరలేదు. ఇల్లు 'ఇంటి' అయినట్టు, ఏరు 'ఏటి' అయినట్టు, పాడు 'పాటి' అవుతుంది. తుమ్మలపాడు నుంచి వచ్చినవాళ్ళు తుమ్మలపాటివాళ్ళు, అంతే. ఊరి పేరు చివర పాడు అంటే పాడుబడ్డది అని కాదు, ఊరు అనే. కందుకూరు కందుకూరి అయిందీ, వేటూరు వేటూరి అయిందీ ఇలాగే.

వెక్కిరిస్తున్నానని అనుకోకు. నీ వయసులో నేను మా ఇంటిపేరు చివరి 'పూడి'కి పూడ్చిపెట్టిన నిధి అని అర్థం రాసి, అచ్చు కూడా వేయించుకున్నాను. మా పెద్దనాన్న ఆ పత్రిక చదివి, మడిచి, "అయితే కూచిపూడిలో ఏం పూడ్చార్రా?" అన్నాడు. పూడి అన్నా ఊరేనని ఆ రోజు తెలిసింది.

ఇప్పుడు అసలు సంగతికి రా. తుమ్మలపాడులో ఉన్నన్నాళ్ళూ ఎవరూ ఎవర్నీ తుమ్మలపాటివాళ్ళని పిలవరు. అక్కడ అందరూ ఆ ఊరివాళ్ళే కదా, పిలిచి ఏం లాభం? మరో ఊళ్ళో పొయ్యి రాజేసుకున్నాకే ఆ పేరు అంటుకుంటుంది. వీరేశలింగంగారు 1848లో పుట్టింది రాజమండ్రిలో, ఇంటిపేరు మాత్రం కందుకూరి. ఊరి పేరు ఇంటిపేరైందంటే మనవాళ్ళు ఆ ఊరు విడిచి వచ్చారన్నమాట. ఎందుకు వదిలారు? కరువా, ఇల్లరికమా, దాయాదుల తగవా? నీ వ్యాసం మొదలవ్వాల్సింది ఇక్కడ. ఒకే ఇంటిపేరు నాలుగు కులాల్లో, వేరువేరు గోత్రాల్లో ఎందుకుంటుందని నువ్వు తలపట్టుకున్నావే, దానికీ జవాబు ఇదే. ఊరు విడిచింది ఒక్క కులంవాళ్ళే కాదు.

అన్నీ ఊళ్ళ పేర్లే అనను. భండారు, రాయసం లాంటివి కొలువుల నుంచి వచ్చాయి, సోమయాజుల యాగం నుంచి వచ్చింది. నీకు వాటితో ఇప్పుడు పని లేదు.

ఇక వెతుకులాట. తుమ్మలపాడు అనే పేరు ఎక్కడెక్కడ కనిపిస్తే అన్నీ రాసుకో, ఒకటి దొరకగానే ఆగిపోకు. ఇంట్లో పాత దస్తావేజులుంటే తీయించు, వాటిలో తండ్రి పేరు, నివాసం ఉంటాయి. పెళ్ళిలో చదివే ప్రవరలో ముత్తాత దాకా పేర్లు దొరుకుతాయి. ఈస్టిండియా కంపెనీ అధికారి మెకంజీ సేకరింపజేసిన గ్రామ కైఫీయతుల్లో, అంటే ఊళ్ళ చరిత్ర రాసిపెట్టిన పాత కాగితాల్లో, నీ ఊరుందేమో చూడు. అన్నిటికంటే నేను నమ్మేది ఇలవేల్పుని. ఊరు మారినా, పొలం అమ్ముకున్నా, పుట్టువెంట్రుకలు తీయించడానికి మనవాళ్ళు పాత దేవర దగ్గరికే పోతారు. మీవాళ్ళు ఏ గుడికి పోతారో, ఆ గుడి చుట్టుపక్కల ఏ తుమ్మలపాడు ఉందో చూసుకో. రెండూ కలిస్తే, అప్పుడు బస్సెక్కు. కలవకపోతే కలవలేదనే రాయి, ఆ ఖాళీలోకి మాత్రం రాజుగారిని మళ్ళీ తీసుకురాకు.

ఇంకొకటి. పన్నెండు పేజీల్లో ఒక్క ఆడమనిషి ఇంటిపేరైనా లేదు. మీ అమ్మ, మీ నాయనమ్మ పుట్టినప్పటి నుంచీ తుమ్మలపాటివాళ్ళేనా? పెళ్ళిపీటల మీద పుట్టింటిపేరు వదిలేసి వచ్చినవాళ్ళు కదా! వలస సంగతి వాళ్ళకు తెలిసినంత మీ నాన్నకు తెలియదు. నాయనమ్మకి ఎనభై దాటాయనీ, మాట మర్చిపోతోందనీ రాశావు. కైఫీయతులు ఎక్కడికీ పోవు. ఈ ఆదివారం ఆవిడ పక్కన కూర్చుని, పుట్టింటిపేరేమిటో, కాపురానికి ఏ దారిన వచ్చిందో అడుగు. చెప్పింది చెప్పినట్టు రాసి నాకు పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు