గొడ్డుకు వేసే సూదిలో రాబందు ప్రాణం

పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

ఈసారి మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా నుంచి వచ్చిన నాలుగు ఉత్తరాలూ రాబందుల గురించే. అందుకే నాలుగింటినీ ఒక్కచోట వేస్తున్నాం.

ప్రశ్న: సెప్టెంబరు మొదటి శనివారం అంతర్జాతీయ రాబందుల అవగాహన దినం. ఆ రోజు సిరొంచలో ఊరేగింపు తీసి, అడవి దారి పొడవునా ‘రాబందులను కాపాడండి’ అని బోర్డులు పెట్టాలనుకుంటున్నాం. బోర్డు మీద ఇంకేం రాయాలి?
– యువజన సంఘం సభ్యులు, సిరొంచ

జవాబు: బోర్డులు అడవిలో వద్దు, ఊళ్లో పెట్టండి. కథలో మాంత్రికుడి ప్రాణం చిలకలో ఉన్నట్టు, రాబందు ప్రాణం పశువుల కొట్టంలో ఉంది. 1992 నుంచి 2007 లోపు మన దేశంలో తెల్లవీపు రాబందులు 99 శాతానికి పైగా మాయమయ్యాయి. కారణం ఏమిటో 2004లో పాకిస్తాన్‌లో జరిగిన పరిశోధన తేల్చింది: పశువులకు నొప్పికి, వాపుకి వేసే డైక్లోఫెనాక్. సూది వేసిన గొడ్డు చచ్చిపోతే మందు దాని కాలేయంలో, మూత్రపిండాల్లో మిగిలి ఉంటుంది. ఆ మాంసం తిన్న రాబందుకు మూత్రపిండాలు పాడవుతాయి. బయటికి పోవలసిన యూరిక్ ఆమ్లం సున్నం పూసినట్టు గుండె మీద, కాలేయం మీద పేరుకుపోతుంది. రెండు మూడు రోజుల్లో పక్షి రాలిపోతుంది.

ఇంతలా ఎందుకు తగ్గాయంటే, ఒక కళేబరం మీద పదుల సంఖ్యలో వాలతాయి కాబట్టి. 760 కళేబరాల్లో ఒక్కదానిలో మందు ఉన్నా జాతి అంతరించే దారి పట్టడానికి సరిపోతుందని అప్పటి లెక్క. పైగా జత కట్టిన రాబందులు ఏడాదికి పెట్టేది ఒకే గుడ్డు. పోయినదాన్ని పూడ్చుకునే వేగం వాటికి లేదు.

కాబట్టి మీరు మాట్లాడవలసింది ముగ్గురితో: పశువులకు సూది వేసేవాళ్లు, మందుల షాపువాళ్లు, చచ్చిన గొడ్డును ఊరి బయటికి లాగేవాళ్లు. ర్యాలీకి పెట్టే ఖర్చుతో పశువుల సంతలో ఒక బల్ల వేసుకుని కూర్చోండి. కూడని మందుల పేర్లు ఒకవైపు, వాడదగినవి ఇంకోవైపు పెద్ద అక్షరాలతో తెలుగులోనూ మరాఠీలోనూ రాయించండి. లోపలి గూడేల్లో కాగితం పనికిరాదు. గ్రామసభలో గోండీ వచ్చినవాళ్ల చేత చెప్పించండి. ఇంకో మాట. లంచగొండులను ‘రాబందులు’ అని తిట్టడం మన పత్రికలకు అలవాటైపోయింది. సీతమ్మ కోసం రెక్కలు తెగి పడ్డ జటాయువును తలచుకునే జాతి మనది. ఊరిని రోగం అంటకుండా శుభ్రం చేసే పక్షి పేరు తిట్టుగా మారడం మాకు నిజంగా బాధ. మీ కరపత్రంలో ఆ మాటా రాయండి.

ప్రశ్న: గేదెకు పొదుగువాపు వచ్చినా, కుంటినా మా ఊళ్లో సూది వేసే అతను ‘నొప్పి సూది’ అని ఒకటి పొడుస్తాడు. డైక్లోఫెనాక్ ఎప్పుడో ఆపేశారు కదా, ఇంకా భయమెందుకు?
– పాడి రైతు, అహేరి

జవాబు: పశువుల డైక్లోఫెనాక్‌ను 2006లో నిషేధించిన మాట నిజం. కానీ మనుషుల మందు షాపుల్లో ఉంది. 30 మి.లీ. పెద్ద సీసాలు పశువులకు మళ్లుతున్నాయని 2015లో మనుషుల సూదిమందును 3 మి.లీ.కి మించి ఒక సీసాలో అమ్మకూడదన్నారు. అయినా లెక్క చూడండి: 3 మి.లీ.లో 75 మి.గ్రా. మందు ఉంటుంది. 300 కిలోల గేదెకు నాలుగు చిన్న సీసాలు విరిస్తే చాలు. మీ కొట్టంలో అలాంటి చిన్న గాజు సీసాలు మూడు నాలుగు ఒకేసారి విరిస్తే, ఆపి పేరు చదవండి.

డైక్లోఫెనాక్ ఒక్కటే కాదు. పశువులకు కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ 2023లో నిషేధించారు. ఎసిక్లోఫెనాక్ గొడ్డు ఒంట్లోకి వెళ్లి డైక్లోఫెనాక్‌గానే మారుతుంది. నిమెసులైడ్ మీద 2024 చివర్లో నిషేధం వచ్చింది. ఫ్లునిక్సిన్, కార్ప్రోఫెన్ కూడా రాబందులకు మంచివి కావు.

అడగవలసినవి రెండు: మెలాక్సికామ్, టోల్ఫెనమిక్ ఆమ్లం. రాబందులకు హాని లేదని పరీక్షించి తేల్చినవి ఇవి. సీసా మీద పెద్దగా ఉండే కంపెనీ పేరు కాదు, దాని కింద సన్న అక్షరాల్లో ఉండే మందు పేరు చదవాలి. రెండు మందులు కలిపినవీ ఉంటాయి, రెండో పేరూ చూడండి.

‘మెలాక్సికామ్ పని చెయ్యదు’ అని కొందరు అంటారు. తప్పు చాలాసార్లు మోతాదులో ఉంటుంది. మామూలు మోతాదు కిలో బరువుకు 0.5 మి.గ్రా. మిల్లీలీటరుకు 5 మి.గ్రా. ఉన్న సీసా అయితే 300 కిలోల గేదెకు 30 మి.లీ. కావాలి. డైక్లోఫెనాక్‌కు అలవాటుపడిన చెయ్యి పది పన్నెండు మి.లీ. దగ్గర ఆగిపోతుంది, నొప్పి తగ్గదు, మందుకు చెడ్డపేరు వస్తుంది. మిల్లీలీటరుకు 20 మి.గ్రా. ఉన్నదైతే 7.5 మి.లీ. చాలు. అందుకే ముందు సీసా బలం చూడాలి. బరువు కట్టడం, చూడి పశువుకు వేయవచ్చా, పాలు ఎన్ని రోజులు పక్కన పెట్టాలి అన్నవి పశువుల డాక్టరు చెప్పాలి.

ప్రశ్న: చచ్చిన ఎద్దును ఎక్కడ వేస్తే రాబందులకు మేలు? పులి చంపిన గొడ్డుకు కొందరు పురుగుమందు పూస్తున్నారు, చెబితే వినరు.
– గ్రామసభ సభ్యుడు, సిరొంచ తాలూకా

జవాబు: చివరి వారం రోజుల్లో కూడని మందు ఏదైనా పడిందా, ఏ మందు పడిందో తెలియదా, అయితే ఆరడుగుల లోతున పూడ్చండి. తక్కువ లోతైతే రాత్రికి కుక్కలు తవ్వి బయటికి లాగుతాయి. బావికీ వాగుకీ దూరంగా తవ్వండి. ఉన్నట్టుండి చచ్చి, ముక్కులోంచి, వెనకనుంచి గడ్డకట్టని నల్లటి రక్తం కారుతుంటే దొమ్మ రోగం (ఆంత్రాక్స్) అనుమానించాలి. దాన్ని కొయ్యకూడదు, తోలు తియ్యకూడదు. డాక్టరుకు చెప్పి సున్నం వేసి పూడ్చాలి.

మందు పడలేదని గట్టిగా తెలిస్తే అది రాబందులకు మంచి తిండి. గడ్చిరోలిలో అటవీశాఖ వీటికి మేత వేసే చోట్లు నడిపింది, రాబందుల రెస్టారెంట్లు అంటారు. గార్డుకు కబురు చెయ్యండి. మీరే వెయ్యవలసి వస్తే రోడ్డుకు, కరెంటు తీగలకు దూరంగా, ఎగరడానికి చోటున్న బయలులో వెయ్యండి. కడుపు నిండిన రాబందు వెంటనే లేవలేదు, కొంత దూరం పరిగెత్తి లేస్తుంది.

పులి కోసం పూసిన విషం పులికి తగలకపోయినా ఆకాశంలోంచి చూసి దిగిన గుంపు మొత్తం పోతుంది. వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్న పులి, రాబందు లాంటి జంతువును చంపితే 3 నుంచి 7 ఏళ్ల జైలు. అది చెప్పడం కన్నా పరిహారం ఎలా వస్తుందో చెబితే జనం వింటారు: కళేబరాన్ని కదపకూడదు, ఫోటో తియ్యాలి, 1926కి ఫోన్ చేసి అటవీశాఖ పంచనామా అయ్యేదాకా ఉంచాలి. విషం పూసిన గొడ్డుకు పంచనామాలో చిక్కులే మిగులుతాయి.

ప్రశ్న: ప్రాణహితకు అవతలి గుట్ట మీద పెద్ద పక్షులు కనిపిస్తున్నాయి. గద్దలా, రాబందులా? దగ్గరికి వెళ్లి చూడవచ్చా?
– ఉపాధ్యాయురాలు, సిరొంచ

జవాబు: గద్ద తోక చీలి ఉంటుంది. రాబందు తోక పొట్టి, రెక్కలు పలకల్లా వెడల్పు, చాపితే రెండు మీటర్లకు పైగానే. గుట్ట అంచుల్లో గూడు కట్టేది పొడుగు ముక్కు రాబందు. అవతలి ఒడ్డున కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో, బెజ్జూరు అడవిలోని పాలరాపు గుట్ట మీద 2013లో వాటి గూళ్లు బయటపడ్డాయి. తెల్లవీపు రాబందు ఎత్తైన చెట్ల మీద కడుతుంది.

అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా గుడ్డు, పిల్ల ఉండే కాలం. ఆ నెలల్లో పిల్లలను గుట్ట కిందికి తీసుకెళ్లకండి. ఇవతలి ఒడ్డు నుంచే బైనాక్యులర్‌తో చూపించండి. డప్పులు, డ్రోన్లు వద్దు. తల్లి లేచిపోతే ఎండలో గుడ్డు పాడవుతుంది, మళ్లీ గుడ్డు వచ్చే ఏడాదే.