ఇచ్చిపుచ్చుకునే లింకుల పేజీ పెట్టవచ్చా?
లాడ్ బజార్‌లోని మీ గాజుల దుకాణం సైటుకు పరస్పర లింకుల పేజీ (మీరు వేరేవాళ్ల సైట్లకు, వాళ్లు మీ సైటుకు లింకు ఇచ్చుకునేది) మంచిదేనా అని అడిగారు. పెట్టండి, కానీ గూగుల్ వెతుకులాటలో ర్యాంకు కోసం కాదు. అతిగా సాగే లింకుల మార్పిడిని గూగుల్ స్పామ్‌గానే లెక్కగడుతుంది. 2012లో గూగుల్ తన వెతుకులాట పద్ధతిలో తెచ్చిన ‘పెంగ్విన్’ అనే మార్పు గురిపెట్టింది ఇలాంటి కృత్రిమ లింకుల మీదే.

మీ దగ్గర గాజులు కొనేవారికి పనికొచ్చేవి చాలు: పత్తర్‌గట్టి ముత్యాల దుకాణం, పెళ్లి బట్టలు కుట్టే దర్జీ. ప్రతి లింకు పక్కనా ‘తెగిన ముత్యాల దండ మళ్లీ గుచ్చి ఇస్తారు’ వంటి ఒక వాక్యం రాయండి. ఊరూపేరూ లేని రుణాల సైటు లింకు అడిగితే మొహమాటపడకుండా కాదనండి. డబ్బు తీసుకుని పెట్టిన లింకుకు కోడ్‌లో ‘స్పాన్సర్డ్’ అని గుర్తు ఉండాలి.

నెలకోసారి అన్నీ నొక్కి చూడండి. గడువు తీరిన డొమైన్లను (సైటు చిరునామాలను) జూదం సైట్లవాళ్లు కొనేస్తుంటారు. పేరు పాతదే, లోపలి సరుకు వేరు. అవతలివారు మీ లింకు తీసేసినట్లు కనబడితే తగాదా అనవసరం.