గణిత చరిత్ర చదవాలంటే

ప్రశ్న: గణితంలో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. సూత్రాలను వాడడం కన్నా అవి ఎలా పుట్టాయో, ఎందుకు నిజమో తెలుసుకోవాలని ఉంది. గణిత చరిత్ర, తత్త్వం చదవవచ్చునా?
– ఒక విద్యార్థిని, బొబ్బిలి, విజయనగరం జిల్లా

జవాబు: తప్పక చదవవచ్చునమ్మా. అయితే ముందుగా గణితంలోనే ఎమ్మెస్సీ పూర్తి చేయండి; నిరూపణలను స్వయంగా రాసిన అనుభవం లేకపోతే వాటి తత్త్వంపై చేసే చర్చ గాలిమేడ అవుతుంది. ఆ తరువాత పరిశోధనకు ఐఐటీ బొంబాయి వంటి చోట్ల మానవీయ శాస్త్రాల విభాగాలను చూడండి.

ఈలోగా సంస్కృతం నేర్చుకోవడం మొదలుపెట్టండి. తొమ్మిదో శతాబ్దంలో మహావీరాచార్యుడు రాసిన ‘గణితసారసంగ్రహం’లో 142857143ను 7తో హెచ్చవేస్తే 1000000001 వస్తుందని, ఆ అంకెల వరుసను కంఠహారంగా వర్ణించిన లెక్క ఉంది. ఆ గ్రంథాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. మనవాళ్లు దీన్ని ఇంకా శ్రద్ధగా చదవవలసి ఉందని నా అభిప్రాయం. ఇక కేరళలో పదహారో శతాబ్దంలో జ్యేష్ఠదేవుడు మలయాళంలో రాసిన ‘యుక్తిభాష’, π (పై) విలువకు సంబంధించిన అనంత శ్రేణిని ఉపపత్తితో, అంటే అది ఎందుకు నిజమో చూపే యుక్తితో సహా వివరిస్తుంది. స్వయంసిద్ధాల నుంచి మెట్టుమెట్టుగా సాగే యూక్లిడ్ నిరూపణకూ, ఈ ఉపపత్తికీ తేడా ఏమిటన్న ప్రశ్నతో మీ అధ్యయనం ఆరంభించవచ్చు.