పటం చుట్ట చదివేవారి చేతిలో ఉన్నప్పుడు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన బొమ్మల కథను ఫోనులో రెండుసార్లు చదివానమ్మా. రంగులు ముచ్చటగా ఉన్నాయి. అయితే నొక్కమన్న చోటల్లా నొక్కితే తరువాతి బొమ్మ రావడం తప్ప కథలో కదలికేమీ కనిపించలేదు. నొక్కడమంటే పుట తిప్పడమే అయితే దీనిని అచ్చులోనే వేయవచ్చు కదా!

తెలంగాణలోని చేర్యాలలో నకాషీ చిత్రకారులు గీసిన పటాన్ని, అంటే చుట్టగా చుట్టిన పొడవాటి బొమ్మల గుడ్డను, కథకులు ఊళ్లలో ప్రదర్శించేటప్పుడు ఎంతవరకు విప్పాలో, ఎక్కడ ఆగి పాట అందుకోవాలో నిర్ణయించేది వారే. నెట్‌లో ఆ చుట్ట చదివేవారి బొటనవేలి కింద ఉంటుంది. ఈ తేడానే కథగా మలచిన తొలితరం వారిలో మాస్కోలో చదువుకున్న ఓలియా లియాలినా ఒకరు. 1996లో ఆమె చేసిన కృతిలో, యుద్ధం నుంచి తిరిగొచ్చిన ప్రియుడికీ అతని ప్రియురాలికీ మధ్య పొడిపొడి మాటలు నల్లని తెర మీద సాగుతాయి. నొక్కిన కొద్దీ తెర గడులుగా చీలి, గడులు ఇంకా చిన్నవై, చివరికి మాటలు అడుగంటి నల్లని ఖాళీలు మిగులుతాయి. వారి మధ్య పెరిగిన దూరాన్ని మన వేలే పెంచినట్టు అనిపిస్తుంది. ఇందుకు ఆమె వాడినది ఆనాటి బ్రౌజర్లలో అందరికీ అందుబాటులో ఉన్న, తెరను గడులుగా విడగొట్టే ఫ్రేములే.

కాబట్టి ప్రతి నొక్కుకూ ముందు, దానివల్ల పాత్రకు ఏమవుతుందో కాగితం మీద ఒక ముక్క రాసుకో. దారులు మాత్రం విపరీతంగా పెంచకు. ఒక్కోచోట రెండు దారుల చొప్పున అయిదు మలుపులు పెడితే 32 ముగింపులు గీయాలి. మధ్యలో దారులను మళ్లీ కలిపితే ఆ భారం తగ్గుతుంది. ఆ అల్లిక చూసుకోవడానికి దారులు చీలే కథలు అల్లే ట్వైన్ అనే సాఫ్ట్‌వేర్ చాలు. అది ఉచితం, పైగా కథనంతా బ్రౌజర్‌లో తెరుచుకునే ఒకే హెచ్‌టీఎమ్‌ఎల్ ఫైలుగా ఇస్తుంది.

ఆ ఫైలును నీ దగ్గర కూడా భద్రపరచుకో. వెబ్‌లో కదిలే బొమ్మల కోసం ఒకప్పుడు వాడిన ఫ్లాష్‌లో నేను చేసిన కథ ఒకటి, 2020 చివరితో ఫ్లాష్‌కు కాలం చెల్లాక, తెరుచుకోవడం మానేసింది. పాత ఫ్లాష్ ఫైళ్లను ఆడించే రఫుల్ అనే సాఫ్ట్‌వేర్ పుణ్యమా అని ఇప్పుడు కదులుతోంది గాని, మూలఫైలును నేనే ఎక్కడో పోగొట్టుకున్నాను కనుక అందులోని అక్షరదోషమొకటి అలాగే ఉండిపోయింది.

ప్రస్తుతానికి రెండవ దృశ్యంలో తలుపు దగ్గరి నొక్కు ఒక్కటే సరిచేసి పంపు. మీ అత్తయ్య పాత ఫోనులో ఎంతసేపటికి తెరుచుకుంటుందో చూసి చెబుతాను.

ఇట్లు,
మీ మామయ్య