కేబుల్ కొనే ముందు గోడ చూడమ్మా

చిరంజీవి సునీతకు,

మావయ్య ఆశీస్సులు. ఎలక్ట్రిక్ కారు ఇంటికొచ్చిందని విని చాలా సంతోషమేసింది. కంపెనీ ఇచ్చిన ఛార్జింగ్ కేబుల్ పొట్టిగా ఉంది, ఆన్‌లైన్‌లో పొడుగుది చవగ్గా దొరుకుతోంది, కొనమంటావా అని అడిగావు. ఇన్నేళ్ళు ఇళ్ళ వైరింగ్ పని చేసినవాడిగా చెబుతున్నాను, కేబుల్ సంగతి తర్వాత చూద్దాం. ముందు దాన్ని గుచ్చే గోడ సంగతి చూడు.

గుంటూరు బ్రాడీపేటలో మీది పాత ఇల్లు. వరండాలో 15 ఆంప్స్ సాకెట్ ఉంది కదా అనుకుంటావు. గీజర్ అయితే పావుగంట వేసి ఆపేస్తాం. కారు అదే కరెంటు రాత్రంతా లాగుతుంది. గంటకి సుమారు మూడున్నర యూనిట్లు. 40 యూనిట్ల బ్యాటరీ ఖాళీ నుంచి నిండాలంటే 12 గంటల పైమాటే. అంతసేపు లోడు మీద ఉంటే సాకెట్‌లో ఏ స్క్రూ వదులుగా ఉన్నా అక్కడ వేడి పుడుతుంది. ప్లగ్ పిన్నులు ఒకసారి వెలుతురులో పట్టి చూడు. ఇత్తడి మెరుపు పోయి గోధుమ రంగు తిరిగినా, సాకెట్ చుట్టూ ప్లాస్టిక్ పసుపెక్కినా ఆ సాకెట్ ఇక పనికిరాదు. ఛార్జింగ్ పెట్టిన అరగంటకి స్విచ్ ఆపి ప్లగ్ పట్టుకో. గోరువెచ్చగా ఉంటే పర్వాలేదు. చెయ్యి ఆనించలేనంత వేడిగా ఉంటే ఆ రోజుకి ఛార్జింగ్ మానెయ్.

మెయిన్ బోర్డు నుంచి కారు కోసమే విడిగా 4 స్క్వేర్ ఎంఎం రాగి వైరు లాగించు. దానికి సొంతంగా లోడు మించితే కరెంటు ఆపే ఒక ఎంసీబీ, కరెంటు లీకైతే వెంటనే ఆపే 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ ఉండాలి. ఆ ఆర్‌సీసీబీ మీది టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కి చూడు, టక్కున పడిపోవాలి. ఏసీతో పాటు కారు కూడా ఆన్ అయితే మీ మీటరు లోడు చాలకపోవచ్చు. మీ కరెంటు సంస్థ ఏపీసీపీడీసీఎల్‌లో లోడు పెంచమని అర్జీ పెట్టుకోండి.

అన్నిటికంటే నాకు భయం ఎర్త్ దగ్గరే. ఎర్త్ సరిగా లేకపోతే కేబుల్ మధ్యలో ఉండే ఛార్జర్ డబ్బా ఎర్ర లైటు వెలిగించి ఛార్జింగ్ ఎక్కనివ్వదు. అప్పుడు కొందరు కుర్ర ఎలక్ట్రీషియన్లు సాకెట్ వెనక న్యూట్రల్‌ని, అంటే కరెంటు తిరిగి వెళ్ళే వైరుని, ఎర్త్ పిన్నుకి చిన్న వైరు ముక్కతో కలిపేస్తారు. ఎర్ర లైటు ఆరిపోతుంది, అంతా బాగుందనిపిస్తుంది. కానీ ఎక్కడో న్యూట్రల్ తెగిందంటే కరెంటు కారు బాడీ మీదికే వస్తుంది. పిల్లలు తలుపు పట్టుకునే కారమ్మా అది. ఎవరైనా ఆ పని చేస్తానంటే గుమ్మం దగ్గర్నుంచే పంపించెయ్. ఎర్త్ గుంట తవ్వి బొగ్గు, ఉప్పు మళ్ళీ నింపించు. గుంటూరు ఎండలకి మట్టి ఎండిపోతుంది కాబట్టి వేసవిలో అందులో నీళ్ళు పోస్తూ ఉండు.

ఇక కేబుల్. ఇంట్లోకి కంపెనీదే వాడు. పొడుగు చాలకపోతే సాకెట్‌నే కారు దగ్గరికి తెప్పించు, ఎక్స్‌టెన్షన్ బాక్స్ మాత్రం వద్దు. బయట కొన్ని ఏసీ ఛార్జింగ్ పాయింట్లలో సాకెట్ మాత్రమే ఉంటుంది, కేబుల్ మనమే తీసుకెళ్ళాలి. దానికోసం రెండు వైపులా టైప్ 2 రకం ప్లగ్ ఉన్న 32 ఆంప్స్ కేబుల్, 5 మీటర్లది చాలు. మీ కారు లోపలి ఛార్జర్ 7.2 కిలోవాట్లదైతే 22 కిలోవాట్ల కేబుల్ కొన్నా ఒక్క నిమిషం కూడా కలిసిరాదు. హైవే మీది ఫాస్ట్ ఛార్జర్లకి కేబుల్ వాళ్ళదే ఉంటుంది.

వాడేటప్పుడు చుట్ట మొత్తం విప్పి పరుచు, చుట్టలో వేడి బయటికి పోదు. డబ్బా బరువు ప్లగ్ మీద వేలాడకుండా గోడకి కొక్కెం కొట్టించు. ముందు గోడకి, తర్వాత కారుకి పెట్టాలి. తీసేటప్పుడు కారు నుంచి మొదలు. అల్లుడికీ చెప్పు, వైరు పట్టి లాగొద్దని.

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి ఇక్కడ విజయవాడలో సింగ్‌నగర్ ఇళ్ళన్నీ నీట మునిగాయి కదా. మీ కొత్త సాకెట్ ఛాతీ ఎత్తున పెట్టించు. నీళ్ళలో మునిగిన కేబుల్ ఎండబెట్టినా మళ్ళీ వాడకూడదు.

ఎలక్ట్రీషియన్ వచ్చిన రోజు నాకు వీడియో కాల్ చెయ్యి. బోర్డు మూత తీసినప్పుడు నేనూ చూస్తాను.

మీ మావయ్య,
గవర్నర్‌పేట, విజయవాడ