జొన్న బస్తా నేల మీద పడ్డాక

చి. అమ్ములుకి,

బాబాయి ఆశీస్సులు. దక్షిణ సూడాన్‌లో ఆహార పంపిణీ ఉద్యోగం వచ్చిందని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. గొంతులో సంతోషం కంటే భయమే ఎక్కువ వినిపించింది. అన్నయ్యకి నేను నచ్చజెప్తాలే. నువ్వు మాత్రం వారానికోసారైనా పలకరించు.

నువ్వు దిగేది జూన్‌లో కాబట్టి వానలు మొదలై ఉంటాయి. అక్కడిదీ మన నంద్యాల లాంటి నల్లరేగడే. తడిస్తే లారీ ఇరుసు దాకా దిగిపోతుంది. అందుకే ఇల్యూషిన్ విమానాల్లోంచి జొన్న బస్తాలు కిందికి వదులుతారు. సంచిలో సంచి పెట్టి కుడతారు, పైది పగిలినా గింజ చెదరదు. చూడ్డానికి అద్భుతంగా ఉంటుంది, కానీ ఆ పూట వీడియోలు తీస్తూ నిలబడకు. మైదానంలోకి పిల్లలు, ఆవులు రాకుండా చూడు. పై నుంచి వచ్చే బస్తా కింద మనిషుంటే మిగలడు.

బస్తాల కన్నా జాబితాకి ఎక్కువ టైం పెట్టు. ఊరిపెద్ద ఇచ్చిన కాగితం పట్టుకుని చెట్టుకింద ఆడవాళ్ల దగ్గర కూర్చో. కొందరు మగవాళ్లకి ఇద్దరు ముగ్గురు భార్యలుంటారు, ఎవరి పొయ్యి వాళ్లదే. ఆయన పేరొక్కటే రాసుకుంటే చిన్న భార్య పిల్లలకి ఏం దక్కుతుందో దేవుడికెరుక. నువ్వు రాయాల్సింది పొయ్యిల లెక్క. రాసుకున్నాక 'ఇంకా రానివాళ్లెవరు?' అని అడుగు. 2017 ఫిబ్రవరిలో అక్కడి లేర్, మాయెండిట్ ప్రాంతాల్లో కరువు ప్రకటించినప్పుడు, తుపాకులకి భయపడి చిత్తడి నేలల్లోకి పారిపోయిన జనం కలువ దుంపలు తిని బతికారు. అలాంటివాళ్లు నీ టేబుల్ దగ్గరికి వచ్చి పేరు చెప్పరు.

నేను చేసిన తప్పొకటి చెబుతాను. నేనూ ఈ పనే చేసిన మొదటి ఏడాది ఒక ఊళ్లో కొలత డబ్బాలు ఆలస్యంగా వచ్చాయి. మధ్యాహ్నం మొదలుపెట్టి పొద్దుగూకేదాకా పంచి, ఒక్కరూ మిగల్లేదని మురిసిపోయాను. చీకట్లో జొన్నలు నెత్తిన పెట్టుకుని ఇంటికి పోతున్న ఆడవాళ్లని దారికాచి దోచుకున్నారు. మర్నాడు ఒకావిడ ఖాళీ సంచితో వచ్చి మళ్లీ వరసలో నిలబడింది. నన్ను ఒక్క మాటా అనలేదు. ఆ తర్వాత ఎప్పుడూ తెల్లారగట్లే మొదలుపెట్టేవాణ్ని, దూరపు ఊళ్లవాళ్లకి ముందు ఇచ్చి, రెండింటికల్లా ఆపేసేవాణ్ని. మిగిలినవాళ్లు మర్నాడు వచ్చేవాళ్లు. పై ఆఫీసు గొణిగేది. గొణగనీ.

ఎంతిస్తున్నామో బొమ్మలతో బోర్డు మీద రాసి, వరస కట్టకముందే చూపించు. మనిషికి రోజుకి 2,100 కేలరీలు అన్నది లెక్క. నిధులు తగ్గితే అది నిలవదు. 2021లో శరణార్థులకి, నిరాశ్రయులకి రేషన్ సగానికి కోశారు. కోత సంగతి బస్తా విప్పాక చెబితే ఆ సగం నువ్వే తిన్నావనుకుంటారు, వాళ్ల తప్పు కాదు.

చెక్‌పోస్టుల దగ్గర తొందరపడకు. ఆకలిని యుద్ధాయుధంగా వాడటాన్ని ఖండిస్తూ భద్రతామండలి 2018లో 2417వ తీర్మానం చేసింది. మంచిదే. తుపాకీ పట్టుకున్న పదిహేడేళ్ల పిల్లాడు దాన్ని చదివి ఉండడు. కిందికి దిగు, సలామ్ చెప్పు, కూర్చోమంటే కూర్చో. బస్తా మాత్రం ఒక్కటి కూడా ఇవ్వకు. ఇవాళ ఒకటిస్తే వచ్చే వారం లారీ అడుగుతారు. ఇటువైపు వాళ్లకి ఏం చెప్పావో అటువైపు వాళ్లకీ అక్షరం పొల్లుపోకుండా అదే చెప్పు.

ఇంకొకటి, చాలామంది పట్టించుకోనిది. మనం ఇచ్చేది గింజలు, పిండి కాదు. మర లేని ఊళ్లో రోట్లో దంచుకోవాలి. మర ఉంటే ఆడించడానికి డబ్బుల్లేక అవే జొన్నల్లో కొంత మరవాడికి పోస్తారు. వంటచెరకు కోసం ఊరు దాటి వెళ్తే అదో ప్రమాదం. కాబట్టి ఇంటికెళ్లాక కుండలోకి నిజంగా ఎంత చేరిందో రెండు మూడు ఇళ్లకి వెళ్లి కనుక్కో. కిస్రా పెడితే వద్దనకు, పులిసిన జొన్నపిండి రొట్టే అది. మీ నాయనమ్మ గుర్తొస్తుంది.

రబ్బరు బూట్లు ఒక సైజు పెద్దవి కొనుక్కో. చేరిన మొదటి ఊళ్లో మర ఉందో లేదో చూసి రాయి. లేకపోతే రాజధాని జూబాలో ఎవరిని అడగాలో చెబుతాను.

ఇట్లు
మీ బాబాయి