బండి సందేహాలు: కొత్త టర్బో బిగించే ముందు పాతది ఎందుకు పోయిందో తేల్చండి

ప్రశ్న: మాది 2.5 లీటర్ల డీజిల్ పికప్. చెన్నైకి టమాటా లోడు తోలుతుంటాం. టర్బో పోయిందని షెడ్డులో కొత్తది వేశారు. నెల తిరక్కుండానే మళ్లీ ఈల, నీలిపొగ. ఈసారి కిట్ తెచ్చుకుని ఇంటి దగ్గర నేనే బిగించుకుందామనుకుంటున్నాను. స్పానర్ పని వచ్చు. ఎలా చెయ్యాలి?
– ఒక పాఠకుడు, మదనపల్లె

జవాబు: స్పానర్ పని వచ్చినవాళ్లకు ఇది ఒక రోజు పని. అయితే నెలకే పోయిన టర్బో దానంతటది పోయి ఉండదు. కారణం దొరక్కుండా మూడోది బిగిస్తే అదీ పోతుంది, డబ్బు దండగ.

టర్బో అంటే ఇంజిన్ వదిలే పొగతో తిరుగుతూ ఇంజిన్‌లోకి గాలి నెట్టే పంకా. దాని షాఫ్టు నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతుంది. మామూలు టర్బోలో గోలీల బేరింగు ఉండదు. బుష్‌కీ షాఫ్టుకీ మధ్య ఉండే ఆయిల్ పొరే దానికి ఆధారం. ఆ పొర కొన్ని సెకన్లు తెగినా బుష్ దెబ్బతింటుంది.

అందుకే విప్పిన టర్బోని పాతసామానుకు వెయ్యకుండా ముందు పరీక్షగా చూడండి. షాఫ్టు మాడి నీలం రంగుకు తిరిగి ఉంటే ఆయిల్ అందలేదన్నమాట. టర్బోకు ఆయిల్ తెచ్చే ఫీడ్ పైపు చివర ఉండే బాంజో బోల్టు (ఆయిల్ పోవడానికి లోపల బోలుగా ఉండే బోల్టు) విప్పి, దాని అడ్డరంధ్రాన్ని వెలుతురుకు పెట్టి చూడండి. లోపల మసి గట్టిపడి సూది కూడా దూరని పరిస్థితి ఉండొచ్చు. ఆ పైపును కడిగి మళ్లీ వాడకండి, కొత్తదే వెయ్యండి. షాఫ్టు మీద గుండ్రంగా గీతలుంటే ఆయిల్‌లో మురికి ఉంది. గాలి వైపు రెక్కల అంచులు చిట్లితే ఎయిర్ ఫిల్టర్ దాటి ఏదో లోపలికి పోయింది.

షెడ్డుల్లో ఎక్కువగా చూడకుండా వదిలేసేది ఇంకొకటుంది: బుష్ బాగానే ఉంటుంది, షాఫ్టు ఆడదు, అయినా రెండు వైపులా ఆయిల్ కారుతుంది. ఇందులో టర్బో తప్పేమీ లేదు. టర్బోలోంచి ఆయిల్ కిందికి దిగేది దాని బరువుతోనే, వెనక తోసే ప్రెషర్ ఉండదు. డ్రెయిన్ పైపు నొక్కుకుపోయినా, గాస్కెట్‌కు పూసిన సిలికాన్ పేస్టు లోపలికి ఉబ్బి దారి మూసినా, బ్రీదర్ (ఇంజిన్ లోపలి గాలి బయటికి పోయే దారి) పూడిపోయినా ఆయిల్ దిగలేక సీళ్లలోంచి బయటికొస్తుంది. ఇంజిన్ ఐడిల్‌లో పెట్టి ఆయిల్ మూత తీసి చూడండి. గాలి ఎగదన్ని మూత ఎగిరిపోతుంటే ముందు బ్రీదర్ శుభ్రం చెయ్యండి. అయినా తగ్గకపోతే సిలిండర్లు అరిగి ఇంజిన్ బోరుకొచ్చినట్టే, టర్బో కొనే డబ్బు ఇంజిన్‌కు దాచుకోండి.

సామాను: బండి మోడల్‌కు సరిపోయే పార్ట్ నంబరు టర్బో, గాస్కెట్ల సెట్టు, ఫీడ్ పైపు, రాగి వాషర్లు, కొత్త స్టడ్లు, నట్టులు, ఆయిల్, ఆయిల్ ఫిల్టర్, ఎయిర్ ఫిల్టర్. ఆయిల్ గ్రేడు మాన్యువల్‌లో చెప్పిందే. ఆయిల్ గాస్కెట్లకు పేస్టు అసలు పూయకండి.

ముందురోజు రాత్రే, టర్బోను మానిఫోల్డుకు (ఇంజిన్ పొగ బయటికొచ్చే గొట్టాలకు) బిగించే నట్టులకు తుప్పు వదిలే స్ప్రే కొట్టి ఉంచండి. తెల్లారి చల్లని ఇంజిన్ మీద బ్యాటరీ నెగటివ్ తీసి పని మొదలెట్టండి. టర్బోకు కూలెంట్ పైపులుంటే ముందు కూలెంట్ దింపాలి. నట్టు కదలకపోతే బలవంతపెట్టొద్దు. స్టడ్డు హెడ్డులో విరిగితే ఒక రోజు పని వారమవుతుంది. ఎయిర్ హోసులు, సైలెన్సర్ పైపు, ఆయిల్ పైపులు విప్పి, తెరిచిన ప్రతి రంధ్రంలో శుభ్రమైన గుడ్డ పెట్టండి. బిగించేటప్పుడు ఆ గుడ్డలు లెక్క చూసుకోండి.

టర్బో నుంచి వచ్చే గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్‌ను విప్పి తలకిందులు చేస్తే పాత టర్బో వదిలిన ఆయిల్ కారుతుంది. డీజిల్‌తో కడిగి పూర్తిగా ఆరనివ్వండి. ఈ మెట్టు వదిలేస్తే ప్రమాదం. ఆ ఆయిల్‌నే ఇంజిన్ పీల్చుకుని తాళం తీసినా ఆగకుండా రేజవుతుంది. అలా జరిగితే బ్రేకు బలంగా తొక్కి, టాప్ గేరులో క్లచ్ వదిలి ఇంజిన్ ఆపెయ్యాలి.

కొత్త టర్బో బిగించేటప్పుడు మానిఫోల్డు నట్టులను కొంచెం కొంచెంగా, ఎదురెదురువి బిగించండి. ఎం8 నట్టుకు సుమారు 25 న్యూటన్ మీటర్లు. మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే అదే ప్రమాణం. టర్బో ప్రెషర్‌ను అదుపు చేసే యాక్చువేటర్ రాడ్డును ముట్టుకోవద్దు, అది కంపెనీలో సెట్ చేసి వస్తుంది. ఫీడ్ పైపు కలిపే ముందు ఆ రంధ్రంలో కొత్త ఆయిల్ పోస్తూ రెక్కను వేలితో తిప్పండి, కింది రంధ్రంలోంచి ఆయిల్ కారేదాకా. ఆ తర్వాత తాళం ఆఫ్‌లో ఉండగా ఇంజెక్టర్ కనెక్టర్లు తీసి, ఇంజిన్ అంటుకోకుండా ఆయిల్ లైటు ఆరేదాకా సెల్ఫ్ కొట్టండి, ఒక్కోసారి 10 సెకన్లకు మించకుండా. కనెక్టర్లు మళ్లీ పెట్టి స్టార్ట్ చేసి 4 నిమిషాలు ఐడిల్. ఆ సమయంలో యాక్సిలరేటర్ మీద కాలు పెట్టొద్దు. వెయ్యి కిలోమీటర్లకే ఆయిల్, ఫిల్టర్ మార్చేయండి.

ప్రశ్న: నా పాత పికప్‌కు టర్బో లేదు. సెకండ్‌హ్యాండ్ టర్బో కిట్ ఇస్తామంటున్నారు. వేయించవచ్చా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: వద్దు. గాలి ఒక్కటే పెంచితే పొగ తగ్గుతుంది గానీ బలం పెద్దగా రాదు. బలం కావాలంటే డీజిల్ పెంచాలి, అప్పుడు వేడి పెరుగుతుంది. టర్బో ముందు పొగ వేడి 700 డిగ్రీల సెల్సియస్ దాటి నిలబడితే పిస్టన్ కరిగే దారి పట్టినట్టే. టర్బో ఇంజిన్లలో పిస్టన్ కింద ఆయిల్ చిమ్మే జెట్లుంటాయి, పాత ఇంజిన్లలో చాలావాటికి అవి లేవు. పైగా మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఇలాంటి మార్పును ఒప్పుకోదు. 2019 సవరణ తర్వాత ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ. ఇన్సూరెన్సు క్లెయిమూ చిక్కుల్లో పడుతుంది. ఆ డబ్బుతో ఇంజెక్టర్లు సర్వీసు చేయించి, వాల్వ్ క్లియరెన్సు సరిచేయించండి.

ప్రశ్న: ఇక్కడ గరాజ్‌లో నా టయోటా టకోమా పికప్ 2.7 లీటర్ల పెట్రోల్ ఇంజిన్‌కు టర్బో కిట్ వేసుకోవాలని ఉంది. ఏం చూసుకోవాలి?
– ఒక పాఠకుడు, ఫ్రీమాంట్, కాలిఫోర్నియా

జవాబు: కొనే ముందు ఆ కిట్‌కు, మీ మోడల్ సంవత్సరానికి కార్బ్ (కాలిఫోర్నియా వాయు వనరుల బోర్డు) ఇచ్చే ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ అనే అనుమతి నంబరు ఉందా అని చూడండి. లేకపోతే స్మాగ్ చెక్ అనే పొగ పరీక్షలో కంటితో చూసే దగ్గరే ఫెయిలవుతుంది.

ఉంటే, పని మొదలుపెట్టేముందే కంప్రెషన్ టెస్టు (సిలిండర్లలో ఒత్తిడి పరీక్ష) చెయ్యండి. మార్చని ఇంజిన్‌కు 5 నుంచి 7 పీఎస్ఐ బూస్టు (టర్బో ఇచ్చే గాలి ప్రెషర్) చాలు. ఆ పైన నాక్ (సిలిండర్‌లో పెట్రోల్ తనంతట తానే పేలడం) మొదలై పిస్టన్ రింగుల మధ్య అంచులు విరుగుతాయి. ప్రీమియం పెట్రోలే పోయాలి. స్పార్క్ ప్లగ్గులు ఒక మెట్టు చల్లనివి (వేడిని త్వరగా వదిలేవి) వేసి, గ్యాప్ 0.7 మిల్లీమీటర్ల దగ్గరకు తగ్గించండి. పొగను బట్టి గాలి, పెట్రోల్ పాళ్లు చూపే వైడ్‌బ్యాండ్ మీటరు తప్పనిసరి. బూస్టులో గాలి, పెట్రోల్ నిష్పత్తి 11.5 నుంచి 12 మధ్య ఉండాలి. 13 వైపు పోతుంటే వెంటనే కాలు తీసేయండి.

బాల్ బేరింగ్ టర్బో అయితే ఫీడ్‌లో ఆయిల్‌ను తగ్గించే ఒక మిల్లీమీటరు రంధ్రం రిస్ట్రిక్టర్ కావాలి. బుష్ టర్బోకు అది పెట్టకూడదు. డ్రెయిన్ పైపు బోరు అరంగుళానికి తగ్గకుండా, పైకి ఎక్కడా లేవకుండా, ఛాంబర్‌లో (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలో) ఆయిల్ మట్టానికి పైన చేరాలి. ఛాంబర్‌కు రంధ్రం వెయ్యాల్సొస్తే విప్పి బయట పెట్టే వెయ్యండి. బండి మీదే డ్రిల్ చేస్తే ఇనుప రజను ఆయిల్‌లో పడుతుంది.

ప్రశ్న: టర్బో బాగానే ఉందంటున్నారు. ఘాట్ ఎక్కేటప్పుడు మాత్రం బండి లాగదు, నల్లపొగ. ఎందుకు?
– ఒక పాఠకురాలు, పాడేరు

జవాబు: ఇంటర్‌కూలర్ హోసు చిరిగి ఉండొచ్చమ్మా. ఖాళీ బండిలో ఆ చీలిక మూసుకునే ఉంటుంది, లోడు మీద ప్రెషర్ పెరిగినప్పుడే తెరుచుకుంటుంది. హోసులన్నీ విప్పించి, మెలిపెట్టి కింది భాగం, క్లిప్పు దగ్గర పొరలు చూడమనండి. లేదా ఇంజిన్ ఆపి, టర్బో ఇన్‌లెట్‌కు మూత పెట్టి 1 బార్ మించకుండా గాలి ఎక్కించి సబ్బునీళ్లు చల్లితే బుడగలు లేచిన చోటే లీకు.